పిల్లి కూనని ఇచ్చేశాం, తిండి ముట్టట్లేదు. ఏ వయసులో ఇవ్వాలి?

(పేర్ల బదులు విశాఖలో ఎవరుండే పేట వాళ్ళకి.)

ఎంవీపీ కాలనీ (అడిగినవారు): నిన్న గాజువాకలో చుట్టాలకి ఒక కూననిచ్చాం. అప్పట్నుంచి ఒకటే అరుపు. ఆవుపాలు పోస్తే విరేచనాలు, పెరుగన్నం వాసన చూసి వదిలేస్తోంది. రాత్రంతా ఫోన్లలోనే సరిపోయింది. ఏం చేయాలండీ?

సీతమ్మధార: వయసు? బరువు?

మధురవాడ: ముందు తల్లి సంగతి చూడండి. పాలిస్తున్నా మళ్ళీ ఎదకొస్తుంది, సుమారు 65 రోజుల్లో ఇంకో ఈత. అప్పుడు ఇంకో నాలుగిళ్ళు వెతకాలి. కూనలు పాలు మానగానే ఆపరేషన్ చేయించండి, అప్పటిదాకా బయటికి వదలకండి.

అడిగినవారు: నెల దాటిందండీ. కళ్ళు నీలంగానే ఉన్నాయి.

పెదవాల్తేరు: అయితే తొందరపడ్డారు. నోరు తెరిచి చూడండి. ముందు పళ్ళు, కోరలే ఉండి దవడ పళ్ళు రాకపోతే నాలుగైదు వారాలే. వంటింటి త్రాసులో తూచండి: నాలుగు వారాలకి 400-450 గ్రాములు, ఎనిమిదికి 800-900 ఉండాలి. ఈరోజే తల్లి దగ్గరికి తెచ్చేయండి. తల్లి పడుకునే గుడ్డతో ఒళ్ళు తుడిచి వదిలితే బుసకొట్టకుండా దగ్గరికి తీస్తుంది. ఈలోగా ఆవుపాలు ఆపేయండి, అందులోని లాక్టోజ్ (పాలలో ఉండే చక్కెర) వాటికి అరగదు. ఒళ్ళు చల్లగా ఉంటే ఏమీ పట్టకండి. గోరువెచ్చని నీళ్ళ సీసాకి తువ్వాలు చుట్టి పక్కన పెట్టి, వేడెక్కాకే కూనల పాలపొడి కలిపి పట్టాలి. బోర్లా ఉంచి పట్టండి. వెల్లకిలా పడుకోబెడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. విరేచనాలు ఆగకపోయినా, నీరసంగా వాలిపోయినా వెంటనే పశువైద్యుడి దగ్గరికే.

గోపాలపట్నం: ఎనిమిది వారాలు నిండితే ఇచ్చేయొచ్చు. అంతే.

సీతమ్మధార: ఎనిమిది కనీసం మాత్రమే, పన్నెండు మేలు. మొదటి టీకా 6-8 వారాలకి, తర్వాత 3-4 వారాలకోటి చొప్పున 16 వారాల దాకా. తోబుట్టువులతో పోట్లాడుతూనే ఎంత గట్టిగా కొరకాలో నేర్చుకుంటాయి. ఎనిమిది వారాల్లోపు తల్లిని వీడినవాటిలో దూకుడు ఎక్కువని హెల్సింకి విశ్వవిద్యాలయం 2017లో తేల్చింది.

గోపాలపట్నం: చిన్న ఇంట్లో పన్నెండు వారాలు ఎవరుంచుకుంటారండీ? తనంతట తాను తింటూ, ఒకటికీ రెంటికీ ఇసుక ట్రేలోకి వెళ్తుంటే చాలు.

మధురవాడ: అందుకే ఆపరేషన్ అంటున్నా.

సీతమ్మధార: తినడం ఒక్కటే కొలత కాదు. కొరికే అలవాటు మాన్పించేది కొత్త ఇంటివాళ్ళు కదా?

అడిగినవారు: 430 గ్రాములుంది. తెచ్చేస్తున్నాం. థాంక్సండీ.

పెదవాల్తేరు: దారిలో ఏసీ, గాలి తగలనీయకండి. దవడ పళ్ళు చూశారా?