కర్నూలులో హంద్రీ దగ్గర ప్లాటు: ముంపు భయం లేదని ఎలా తెలుసుకోవాలి?

అందరికీ నమస్కారం. కర్నూలులో కల్లూరు వైపు మూడు సెంట్ల ప్లాటు కొందామని మాట్లాడుకున్నాం, ఇంకా అడ్వాన్స్ ఇవ్వలేదు. హంద్రీ నది అక్కడికి దగ్గరే. వెంచర్ వాళ్లు పంచాయతీ అప్రూవల్ ఉందంటున్నారు కానీ ఎల్పీ నంబరు (లేఅవుట్ అనుమతి నంబరు) అడిగితే మాట దాటేస్తున్నారు. తర్వాత ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేసే పథకం) కింద ఫీజు కట్టుకుంటే సరిపోతుందట. ఈ మాట నాకు అస్సలు నచ్చలేదు. ఎల్‌ఆర్‌ఎస్‌తో కాగితం సరి అవుతుందేమో గానీ, పల్లంలో ఉన్న స్థలం మెరక కాదు కదా!

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి ఊరు మునిగింది. అప్పుడు మా అత్తమ్మ వాళ్లింట్లో బీరువాలోని కాగితాలు కూడా తడిసిపోయాయి. అందుకే నాకింత టెన్షన్.

ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, అప్పులు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు), 22ఏ జాబితా (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా) చూడాలని తెలుసు. నా సందేహం వేరు. ఆ సర్వే నంబరు మాస్టర్ ప్లాన్‌లో నివాస జోన్‌లో ఉందా, ప్లాను రోడ్డేదైనా దాని మీదుగా పోతుందా అన్నది కుడా (కర్నూలు పట్టణాభివృద్ధి సంస్థ) ఆఫీసులో రాతపూర్వకంగా ఇస్తారా? 2009లో నీళ్లు ఎంతవరకు వచ్చాయో చూపే మ్యాపు ఇరిగేషన్ వాళ్ల దగ్గర దొరుకుతుందా? లేఅవుట్ పక్కనున్న వంకను (వాగును) పూడ్చేశారేమోనని కూడా అనుమానం. పాత ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పుస్తకం) పటంలో అది కనిపిస్తుందా?

కల్లూరు పాత కాపురస్థులు, సర్వేయర్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. ఇంట్లోవాళ్లు త్వరగా తేల్చమంటున్నారు.