‘స్తారోస్తా’ని సర్పంచ్ అనొచ్చా?

ఉక్రెయిన్ పల్లె పాలన మీద వ్యాసం అనువదిస్తున్న మిత్రులు నిన్న ఇక్కడ అడిగారు, ‘స్తారోస్తా’ దగ్గర ‘సర్పంచ్’ అని రాసెయ్యొచ్చా అని. వద్దండీ.

స్తారోస్తా అనే మాట ముసలి, పాత అనే అర్థమున్న ధాతువు నుంచి పుట్టింది. వయసులో పెద్ద కాబట్టి ఊరికి పెద్ద. 1861లో రష్యా సామ్రాజ్యంలో భూదాస్యం పోయాక, ఊరి సభ ఎన్నుకున్న మనిషిని స్తారోస్తా అన్నారు. పన్నుల వసూలు, దారుల బాగోగులు ఆయనే చూసేవాడు. సోవియట్ కాలంలో పెత్తనం ‘సిల్‌రాదా’కి, అంటే గ్రామ సోవియట్‌కి పోయింది. 1941 తర్వాత ఆక్రమించుకున్న జర్మన్లు తమకు పనికొచ్చేవాళ్లని ఊళ్ల మీద స్తారోస్తాలుగా పెట్టారు. దాంతో ఆ మాటంటేనే జనానికి ఏవగింపు పుట్టింది.

2015లో అదే మాట చట్టంలోకి తిరిగొచ్చింది. చిన్న చిన్న ఊళ్ల మండళ్లను కలిపి ‘హ్రొమాదా’లు, అంటే కొన్ని ఊళ్లకి ఒకే పాలన ఉండే సముదాయాలు చేయడం అప్పుడే మొదలైంది. పదివేలకు పైగా ఉన్న మండళ్ల స్థానంలో 2020 నాటికి 1,469 హ్రొమాదాలు వచ్చాయి. హ్రొమాదా అధిపతి ‘హొలోవా’ని జనం నేరుగా ఎన్నుకుంటారు. మన సర్పంచ్‌తో పోలిస్తే ఆయన్నే పోల్చాలి. స్తారోస్తా మాత్రం అలా కలిసిపోయిన ఊరి తరఫున మాట్లాడే మనిషి. మొదట్లో ఎన్నిక ఉండేది, ఇప్పుడు హొలోవా పేరు సూచిస్తే మండలి ఆమోదిస్తుంది. సర్టిఫికెట్ కావాలన్నా, వీధి దీపం వెలగకపోయినా ఊరివాళ్లు ముందు వెళ్లేది స్తారోస్తా దగ్గరికే. చెక్ పవర్ మాత్రం ఆ మనిషికి లేదు. సర్పంచ్ అని రాస్తే తెలుగు పాఠకుడు పొరబడతాడు.

— మరి ‘గ్రామ ప్రతినిధి’ అంటే సరిపోదా అండీ?

ఆఫీసు కాగితం వరకూ సరిపోతుందండీ. కానీ స్తారోస్తా అనే మాటకి పెళ్లితో కూడా సంబంధం ఉంది. ఉక్రెయిన్ పల్లెల్లో అబ్బాయి తరఫున పిల్లనడగడానికి వెళ్లే పెద్దమనుషుల్ని కూడా స్తారోస్తాలనే అంటారు. రొట్టె పట్టుకుని వెళ్తారు. అమ్మాయి ఒప్పుకుంటే ‘రుష్నిక్’ అనే కుట్టుపని చేసిన తువ్వాలుని వాళ్ల భుజం మీదుగా అడ్డంగా కడుతుంది. ఇష్టం లేకపోతే చేతిలో గుమ్మడికాయ పెట్టి పంపిస్తారు. ఇప్పటికీ సంబంధం కాదంటే ‘గుమ్మడికాయ ఇచ్చింది’ అనడం వాళ్ల నుడికారం. ఈ సందర్భంలో ‘ప్రతినిధి’ అని ఎలా రాస్తాం? మనకి ‘ఊరి పెద్ద’ ఉంది, ‘పెళ్లి పెద్ద’ ఉంది. ఒక్క ‘పెద్ద’తో రెండు చోట్లా పని జరుగుతుంది. ఇంత దగ్గరి మాట మన ఇంట్లోనే ఉంటే నాకు చెప్పలేనంత సంతోషంగా ఉంది.

— ఆ పదవిలో ఆడవాళ్లు కూడా ఉంటారు కదా?

ఉంటారండీ. ‘పెద్ద’కి ఆడా మగా తేడా లేదు. ‘మా ఇంటికి పెద్ద మా నాయనమ్మే’ అంటాం కదా. మీ వ్యాసంలో మొదటిసారి ‘స్తారోస్తా, అంటే ఊరి పెద్ద’ అని రాసి, ఆ తర్వాత ఊరి పెద్ద అనే వాడండి. హ్రొమాదాని మాత్రం అలాగే ఉంచండి. ఆ మాటకి ఊరి జనమంతా అన్న అర్థం కూడా ఉంది, ‘పంచాయతీ’లో అది రాదు.