పోర్చుగీసు క్రియారూపాల్లో అక్షర విభజన, ఊనిక: మీ అనుభవాలు చెప్పండి

తీరవాసి:
పోర్చుగీసు క్రియారూపాలు నాలుగైదు అక్షరాలకు పెరిగేసరికి ఊనిక (ఒక అక్షరాన్ని నొక్కి పలకడం) ఎక్కడ పడుతుందో నాకు అందడం లేదు. ముఖ్యంగా ‘వాళ్ళు మాట్లాడారు’, ‘వాళ్ళు మాట్లాడతారు’ అనే రెండు రూపాలూ నా చెవికి ఒకేలా వినిపిస్తున్నాయి. మీరు ఈ తేడాను ఎలా పట్టుకున్నారు?

కోయింబ్రా_పాఠకురాలు:
తీరవాసి గారూ, ఆ రెండింటి చివర ఉన్నది ఒకే అనునాసిక ధ్వని కాబట్టి, తేడా అంతా ఊనికలోనే ఉంది. భూతకాలం ‘ఫ-లా-రఁవ్’, భవిష్యత్తు ‘ఫ-ల-రాఁవ్’. రాతలో మొదటిది ‘ఏ’, ‘ఎమ్’ అనే రోమన్ అక్షరాలతోనూ, రెండోది టిల్డె (అల ఆకారపు గుర్తు) పెట్టిన ‘ఏ’, దాని వెనుక ‘ఓ’తోనూ ముగుస్తాయి. నేను తెలుగులో రాసుకునేటప్పుడు ఊనిక ఉన్న అక్షరానికి మాత్రమే దీర్ఘమిస్తాను. ఊనిక పడిన అచ్చు పోర్చుగీసులో నిజంగానే కాస్త సాగుతుంది గనుక, హ్రస్వదీర్ఘాలకు అలవాటుపడిన మన చెవికి ఈ పద్ధతి చక్కగా పనికివస్తుంది.

మెట్ట_ప్రాంతం:
ఆ పద్ధతి మంచిదే గాని, ద్విత్వం విషయంలో జాగ్రత్త అవసరం. ‘మేము మాట్లాడి ఉంటే’ అనే చోట వచ్చే రూపాన్ని పంక్తి చివర విరిచినప్పుడు ‘ఫ-లాస్-సె-ముష్’ అని రెండు ఎస్‌లను విడదీస్తారు. పలకడంలో మాత్రం ఉన్నది ఒకే సకారం. తెలుగువాళ్ళం అక్కడ అప్రయత్నంగా ‘స్స’ అంటాం.

ఇంకొకటి, వర్తమానంలో ‘ఫా-లు’ (నేను మాట్లాడతాను), ‘ఫ-ల-ముష్’ (మేము మాట్లాడతాం; ఇక్కడ ఊనిక ‘ల’ మీద) అని ఊనిక స్థానం మారుతుంది గాని, అసమాపక భూతకాలంలో (‘మాట్లాడేవాడు’ వంటి అర్థమిచ్చే రూపాల్లో) ‘ఫ-లా-వ’, ‘ఫ-లా-వ-ముష్’, ‘ఫ-లా-వఁవ్’ అని అన్ని పురుషల్లోనూ అదే అచ్చు మీద నిలుస్తుంది. లాటిన్‌లో ‘మేము’ రూపానికి ఊనిక ఒక అక్షరం తర్వాత ఉండేది. పోర్చుగీసు దాన్ని తక్కిన రూపాల వరుసలోకి తెచ్చుకుంది. ఊనిక చివరినుంచి మూడో అక్షరానికి చేరింది కాబట్టే ఆ రూపానికి రాతలో గుర్తు పెడతారు.

కోయింబ్రా_పాఠకురాలు:
అచ్చుల జంటలు కూడా గమనించండి. ‘స-ఈ-అ’ అంటే బయటికి వెళ్ళేవాడు, మూడక్షరాలు. ‘సాయ్-అ’ అంటే బయటికి వెళ్ళండి, రెండే అక్షరాలు. ‘స-ఈ-అ’ రాతలో ‘ఐ’ అనే రోమన్ అక్షరం మీది గుర్తు ఊనికతోపాటు విభజననూ చెబుతోంది.

తీరవాసి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మరి సర్వనామం క్రియ మధ్యలోకి దూరే రూపాల సంగతేమిటి?

సావో_పావ్లో_తెలుగు:
‘ఫలార్-తె-ఎయ్’ (నీతో మాట్లాడతాను) వంటి వాటిలో ప్రధాన ఊనిక చివరి ‘ఎయ్’ మీద, బలహీనమైన ఊనిక ‘లార్’ మీద ఉంటాయి. రాతలో మాత్రం హైఫన్‌కు అటూ ఇటూ ఉన్న ముక్కలను వేర్వేరు పదాలుగా లెక్కిస్తారు. అందుకే ‘అమా-లు-ఈఅముష్’లో (అతన్ని ప్రేమించేవాళ్ళం) ‘మా’కు ఒకటి, ‘ఈ’కి ఒకటి, రెండు గుర్తులు వస్తాయి. బ్రెజిల్‌లో మామూలు మాటల్లో ఈ రూపం దాదాపు వినిపించదు; ‘వోవ్’ అనే సహాయక క్రియతో సరిపెడతారు. ముందు చదివి అర్థం చేసుకోగలిగితే చాలు, పలకడం మీద శ్రమ వెచ్చించనవసరం లేదని నా అభిప్రాయం.

పోర్చుగల్‌లో నిత్యం వినిపించేది సర్వనామం చివర చేరే రూపం. ‘సెఁ-తా-వ-ము-నుష్’ (మేము కూర్చునేవాళ్ళం) చూడండి: ‘నుష్’ ముందు క్రియ చివరి ఎస్ పోయింది, ఊనిక చివరినుంచి నాలుగో అక్షరానికి జరిగింది. విడి పదాల్లో ఊనిక మూడో అక్షరాన్ని దాటి వెనక్కి పోదు. కాబట్టి ముందు క్రియను ఒంటరిగా పలికి, ఊనికను కదల్చకుండా సర్వనామాన్ని తేలికగా తగిలించండి.