ఎక్స్‌పెల్లర్ కోన్ బిగించి ఒక్కసారే ఆడించాలా, వదులుగా రెండుసార్లా?

కళ్యాణదుర్గం మిల్లు:
మాది చిన్న నూనె మిల్లు, ఒకటే ఎక్స్‌పెల్లర్ (గింజల నుంచి నూనె పిండే యంత్రం). ఎక్కువగా రైతులు తెచ్చే బుడ్డలు (వేరుశనగ) కూలికి ఆడిస్తాం. కోన్ (చెక్క బయటికొచ్చే సందును బిగించే భాగం) బాగా బిగించి ఒక్క సారికే నూనె దించేయాలని మా మేస్త్రీ. వదులుగా పెట్టి, వచ్చిన చెక్కను, అంటే నూనె పోగా మిగిలిన పిప్పిని, మళ్లీ వేయాలని మా చిన్నాయన. రోజూ ఇదే గొడవ. మీరెట్లా చేస్తున్నారు?

ఆదోని ఫిట్టర్:
మీ చిన్నాయన మాటే కరెక్టు. కోన్ బిగించే కొద్దీ లోడంతా చివరి వార్ముల (పప్పును నలుపుతూ ముందుకు నెట్టే మరలు) మీద, ఆ నెట్టుడును కాసే థ్రస్ట్ బేరింగ్ మీద పడుతుంది. వార్ముల అంచులు అరిగాయంటే వెల్డింగ్‌తో నింపి మళ్లీ గ్రైండింగ్ చేయించాలి. అన్నాళ్లూ మిల్లు బందే. పైగా వేడి పెరిగి చెక్క నల్లబడుతుంది, నూనె మాడు వాసన కొడుతుంది. ఒకసారి ఆ వాసన పట్టిన రైతు మళ్లీ మీ గడప తొక్కడు.

గుత్తి రోడ్డు:
అన్నా, రెండుసార్లంటే కరెంటు, కూలి రెండింతలు. ఎవరు భరిస్తారు? లెక్క చూడండి. పప్పులో నూనె 48 శాతం అనుకుందాం. చెక్కలో 12 శాతం మిగిలిపోతే క్వింటాలు పప్పుకు దాదాపు 41 కిలోల నూనె. 8 శాతమే మిగిలితే 43న్నర. ఆ రెండున్నర కిలోలు కోన్ తిప్పితేనే వస్తుంటే రెండోసారి ఎందుకు?

ఆదోని ఫిట్టర్:
రెండోసారి వేసేది క్వింటాలు పప్పు కాదు తమ్ముడూ, 59 కిలోల చెక్క. రెండింతలెట్లా అవుతుంది? నీ లెక్కలో వార్ముల ఖర్చు కూడా రాయి.

తాడిపత్రి నుంచి:
మీరిద్దరూ కోన్ దగ్గరే కొట్టుకుంటున్నారు. ముందు పప్పులో తేమ చూడండి. ఆరేడు శాతం ఉంటే బాగా ఆడుతుంది. పచ్చిగా ఉంటే చెక్క ముద్దలా జారిపోతుంది, ఎంత బిగించినా పట్టు దొరకదు. మరీ ఎండితే పొడి రాలి, మోటారు మూలుగుతుంది. అప్పుడు కొంచెం నీళ్లు చల్లి కలిపి పెట్టాలి. ఇంకోటి, పొట్టంతా తీసేసిన పప్పు ఒట్టిగా వేస్తే లోపల జారుతుంది. కాస్త పొట్టు కలిస్తేనే వార్ము పట్టుకుంటుంది. ఈ రెండూ సరిచేస్తే సగం గొడవ తీరుతుంది.

ఉరవకొండ రైతు:
మిల్లు వాళ్లు మీలో మీరే మాట్లాడుకుంటున్నారు. కాయలు మావి, చెక్క కూడా మాదే. మాడిన చెక్క మా ఎనుములు మూతి కూడా పెట్టవు. దాంట్లో కాస్త నూనె మిగిలితే మాకేం నష్టం లేదు, ఎనుముల కడుపులోకే పోతుంది. ఒకరి చెక్క ఇంకొకరి దాంట్లో కలపకండి, అంతే.

గుత్తి రోడ్డు:
కూలి మిల్లుకు ఆ మాట నిజమే. మేం సొంతంగా కొని ఆడిస్తాం, మా చెక్క సాల్వెంట్ ప్లాంటుకు (ద్రావకంతో మిగిలిన నూనె తీసే ఫ్యాక్టరీ) పోతుంది. మిగిలింది వాళ్లెట్లాగూ ఒక శాతం దాకా పిండేస్తారు, లాభం వాళ్లది. అందుకే మాకు ఆ బాధ.

కళ్యాణదుర్గం మిల్లు:
ఒక సంగతి రాయడం మరిచాను. ఈ మధ్య నూనెలో మడ్డి బాగా ఎక్కువైంది. కోన్ బిగిస్తే ఇంకా పెరుగుతోంది.

ఆదోని ఫిట్టర్:
అది ముందే చెప్పాల్సింది. వార్ముల చుట్టూ ఉండే కేజ్‌లో, నూనె కారే ఇనుప బార్ల మధ్య సందు పెరిగితే పిండి నూనెతో పాటే కారిపోతుంది. వార్ము అరిగి బార్లకు దూరమైనా అంతే, పిండి ముందుకు పోకుండా అక్కడే నలుగుతుంది. కేజ్ విప్పి బార్లు కడిగి, అంచులు గుండ్రంగా అరిగినవి మార్చండి, షిమ్‌లు (బార్ల మధ్య సందు కోసం పెట్టే పలుచని రేకులు) మళ్లీ సరిగ్గా కూర్చోబెట్టండి. ఆపే ముందు కోన్ వదులు చేసి, కాస్త ఎండు చెక్క వేసి లోపలంతా ఖాళీ చేస్తున్నారా? బిగించినట్టే ఆపితే చెక్క లోపల రాయిలా గట్టిపడి, పొద్దున బెల్టు జారుతుంది. స్టార్ట్ చేసేటప్పుడు కూడా వదులుగా మొదలుపెట్టి, కేజ్ వేడెక్కాక అమ్మీటరు చూసుకుంటూ కొంచెం కొంచెంగా బిగించాలి. విప్పాక ఫొటో పెట్టండి, చూసి చెప్తా.

గుత్తి రోడ్డు:
ఫొటో నేనూ చూస్తా. వార్ములు బాగుంటే మాత్రం ఒక్కసారే అన్నా, నా మాట అదే.