ఒడ్డున దొరికినవాటిని కాస్త సర్ది ఫొటో తీస్తే తప్పా?

వంశధార_తీరం:
కళింగపట్నం దగ్గర పోటు అల ఆగిన గీత వెంబడి తీసిన ఫొటో పెట్టాను. సముద్రపు నురుగు బిళ్ల (కటిల్ ఫిష్ లోపలి తెల్లటి గట్టి పెంకు), రెండు ఆల్చిప్పలు, సరుగుడు కాయలు, ఎండిన నాచు. బిళ్ల మీద నైలాన్ వల ముక్క ఉంటే తీసేశాను, ఒక చిప్పను వెలుగు వైపు తిప్పాను. దానికే ఒకాయన ‘ఇది ఇక సముద్రం చేసిన బొమ్మ కాదు, నువ్వు చేసింది’ అన్నారు. అమెరికా ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ 1927లో గవ్వల్ని ఇంట్లో పెట్టుకునే తీశాడు. 1930లో క్యాప్సికంను రేకు గరాటులో నిలబెట్టాడు. వాటిని గొప్ప ఫొటోలే అంటున్నాం కదా?

పాత_కెమెరా:
వెస్టన్ వాటిని ఒడ్డున దొరికినవని చెప్పలేదు తమ్ముడూ. నీ ఫొటో కింద ‘కనిపించింది కనిపించినట్టు’ అని ఉంది. గొడవంతా ఆ మాటతోనే. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్లు 2018లో తమ పోటీలో బహుమతి ఇచ్చిన ఫొటోను వెనక్కి తీసుకున్నారు, అందులోని జంతువు గడ్డి కూరిన బొమ్మ అని తేల్చుకుని. నీది అంత పెద్ద మోసమేం కాదులే. కానీ చూసేవాడికి తెలిసిపోతుంది. అల వెనక్కి జారేటప్పుడు చిప్పకు ఊరి వైపు చిన్న గుంట తొలుస్తుంది, సముద్రం వైపు రెండు గీతలు విచ్చుకుంటాయి. నీ ఎడమ చిప్ప ఒక వైపు చూస్తోంది, దాని గీతలు ఇంకో వైపు.

భావనపాడు_కుర్రోడు:
వల ముక్క తీసి ఎక్కడ పడేశావన్నా? పక్కనేనా?

సైన్సు_టీచరమ్మ:
సర్దేవాళ్లకు నా మాట ఒక్కటే. శంఖం ఎత్తే ముందు లోపల సన్యాసి పీత ఉందేమో చూడండి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే రోజులు, చీకట్లో ఫ్లాష్ కొట్టకండి. చచ్చి కొట్టుకొచ్చిన తాబేలు డొప్ప కూడా ఇంటికి తేకూడదు. 1972 వన్యప్రాణి చట్టంలో అది మొదటి షెడ్యూల్ జంతువు.

వంశధార_తీరం:
మేడమ్, తాబేళ్ల జోలికి నేను పోను. గురువుగారూ, మీకు నా ప్రశ్న ఇది. పక్కనున్న తెగిన చెప్పును ఫ్రేములోకి రానివ్వకపోతే ఎవరూ ఏమీ అనరు. అదే చెప్పును చేత్తో తీస్తే నేరమైపోయిందా? రెండు సార్లూ దాచింది నేనే కదా!

పాత_కెమెరా:
మంచి ప్రశ్నే. కానీ ఫ్రేము బయట ఉంచిన చెప్పు అక్కడే ఉంటుంది, నీ వెనక వచ్చినవాడికి కనిపిస్తుంది. నువ్వు తిప్పిన చిప్ప మొదట ఎలా ఉందో ఇక ఎవరికీ తెలియదు. అయినా వెలుగు కోసం చిప్పను తిప్పడమెందుకు, నువ్వే దాని చుట్టూ తిరగొచ్చుగా. మన తీరంలో పొద్దు సముద్రం మీంచి వస్తుంది. ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు ఇసుకలో ప్రతి గీతకూ నీడ లేస్తుంది. సముద్రం వైపు నిలబడితే మాత్రం నీ నీడే పడుతుంది, జాగ్రత్త. తడి ఇసుక మరీ మెరిస్తే లెన్సుకు పోలరైజర్ ఫిల్టర్ పెట్టు. సర్దాలనే ఉంటే సర్దు, కింద ‘సర్ది తీసినది’ అని రాయి.

వంశధార_తీరం:
అలా రాస్తే సగం మంది ఫొటో చూడకుండానే పోతారు.

పాత_కెమెరా:
పోనీ.

భావనపాడు_కుర్రోడు:
వల సంగతి ఇంకా చెప్పలేదు. ఆ ముక్క ఉండి ఉంటే ఫొటో మా వాళ్లందరికీ చూపించేవాణ్ణి. గవ్వలు మాకేమైనా కొత్తా?