ఫోను స్పీకరులో 808 బేస్ వినిపించడం లేదు, ఏం చేయాలి?

ర్యాప్ పాడేవాళ్లకు బీట్లు చేసి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. మిక్సింగ్ సొంతంగా నేర్చుకున్నదే. డప్పు దరువు కింద 808 బేస్ (808 డ్రమ్ మెషీన్ తరహా లోతైన బేస్ శబ్దం) పెట్టిన కొత్త బీటు హెడ్‌ఫోన్లలో నిండుగా ఉంది. ఫోను స్పీకరులో మాత్రం డప్పు, హై-హ్యాట్ తప్ప ఏమీ మిగలడం లేదు. కొనేవాళ్లు ముందుగా వినేది ఫోనులోనే కదా!

వేగం 140 బీపీఎం (నిమిషానికి 140 దరువులు). బేస్ మూల స్వరం జి, అంటే దాదాపు 49 హెర్ట్జ్. 60 హెర్ట్జ్ దగ్గర 4 డెసిబెల్స్ పెంచితే మాస్టర్ (మొత్తం మిక్స్) మీది లిమిటర్, అంటే శబ్దం హద్దు దాటకుండా ఆపేది, డప్పు దెబ్బను నొక్కేసింది. ఫేజ్ తిప్పినా (శబ్ద తరంగాన్ని తలకిందులు చేసినా), బేస్‌ను మోనో చేసినా (ఎడమ, కుడి రెండింటా ఒకటే వచ్చేలా) తేడా లేదు. సాచురేషన్ (శబ్దాన్ని కొద్దిగా వక్రీకరించి పై ఫ్రీక్వెన్సీలు చేర్చే ఎఫెక్ట్) పెడితే ఫోనులో బేస్ వినిపించింది కానీ, 200 నుంచి 400 హెర్ట్జ్ మధ్య అంతా ముద్దయిపోయి, డప్పు మీద పుల్ల పడే చురుకు పోయింది. ఆ చురుకే ఈ బీటుకు ప్రాణం.

అది పోకుండా ఫోనులో బేస్ తెలియాలంటే సాచురేషన్‌ను ఏ ఫ్రీక్వెన్సీల మధ్య, ఎంత మోతాదులో ఇవ్వాలి?