నెలసరి రోజుల్ని బట్టి ట్రైనింగ్ షెడ్యూల్ మార్చాలా?

అథ్లెటిక్స్ పీడీ
కాలేజీలో అమ్మాయిలకు రన్నింగ్, వెయిట్ ట్రైనింగ్ చేయిస్తాను. ఈమధ్య ఒక వర్క్‌షాప్‌లో చెప్పారు: అండం విడుదలయ్యే ముందు రోజుల్లో చేతి ధమని అల్ట్రాసౌండ్‌లో ఎక్కువ వ్యాకోచిస్తుందట, పీరియడ్స్‌లో తక్కువట. అందుకని బరువైన సెషన్లు ఆ రోజుల్లో పెట్టి, పీరియడ్స్‌లో తేలికవి పెట్టమన్నారు. నాకు సబబుగానే అనిపించింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మీరాబాయి చాను 199 కిలోలెత్తి, ఒక్క కిలో తేడాతో కాంస్యం పోగొట్టుకుంది. ఆ రోజు తనకు పీరియడ్స్ మూడో రోజని, నీరసంగా ఉందని ఆమే చెప్పింది. వచ్చే నెల నుంచి అందరికీ ఒకే చార్టు పెడదామనుకుంటున్నా. మీరేమంటారు?

వాస్కులర్ ల్యాబ్ టెక్నీషియన్
మేడమ్, చార్టు వద్దండి. ఆ పరీక్ష చేసేవాణ్ణి కాబట్టి చెబుతున్నా.

ముంజేతికి బీపీ కఫ్ కట్టి ఐదు నిమిషాలు రక్తప్రసారం ఆపేస్తాం. కఫ్ వదలగానే రక్తం ఒక్కసారిగా ఉరుకుతుంది. ఆ ఒరిపిడికి ధమని లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ విడుదల చేస్తుంది, గోడ సడలి నాళం వెడల్పవుతుంది. మోచేతికి పైన ప్రోబ్ పెట్టి కొలిచేది ఆ వెడల్పునే. ఆడవాళ్లలో ఆ ధమని సుమారు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది. ఆరు శాతం పెరిగిందంటే 0.18 మిల్లీమీటరు. ప్రోబ్ కాస్త ఒరిగినా, ఆమె పొద్దున్నే కాఫీ తాగి వచ్చినా ఆ అంకె మారిపోతుంది.

అండం విడుదలకు ముందు పెరిగే ఈస్ట్రోజెన్ హార్మోన్ నైట్రిక్ ఆక్సైడ్‌ను పెంచుతుందన్నది నిజమే. నెలసరి దశలను బట్టి ఈ వ్యాకోచం మారుతుందని 1995లో జపాన్ పరిశోధకులు చూపించారు. తర్వాతి అధ్యయనాల్లో కొన్నింటికి తేడా కనబడింది, కొన్నింటికి కనబడలేదు. సరే, తేడా ఉందనే అనుకుందాం. మంచం మీద పడుకున్న మనిషి చేతిలో నాళం సాగడం వేరు, బార్ తల మీదికి ఎత్తడం వేరు. మొదటిదాన్ని చూసి రెండోదానికి షెడ్యూల్ ఎలా రాస్తాం?

హాఫ్ మారథాన్ రన్నర్
స్కాన్ సంగతి మీరన్నట్టే ఉండొచ్చు అన్నా, కానీ "తేడా లేదు" అనే మాట అమ్మాయిలకు ఎలా తిరిగొస్తుందో ఆలోచించండి. మొదటి రోజు నడుము విరిగిపోతుంటే "సాకులు చెప్పకు" అనిపించుకున్నవాళ్లం మేం. 2016 రియోలో చైనా స్విమ్మర్ ఫు యువాన్‌హుయ్ కెమెరా ముందు "నిన్న రాత్రే పీరియడ్ వచ్చింది" అంటే ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. అంత చిన్న మాట చెప్పడానికే అంత ధైర్యం కావాల్సి వచ్చింది. చార్టు ఉంటే ఆ అమ్మాయి నోరు తెరిచి అడగక్కర్లేదు కదా. నేను చార్టుకే ఓటు.

వాస్కులర్ ల్యాబ్ టెక్నీషియన్
నొప్పి లేదని నేను అనలేదమ్మా. నొప్పిని లెక్కలోకి తీసుకోమనే చెబుతున్నా, తేదీని కాదు. 78 అధ్యయనాలను కలిపి చూసిన 2020 సమీక్షలో, పీరియడ్స్ మొదటి రోజుల్లో పనితీరు సగటున అతి స్వల్పంగా తగ్గవచ్చని తేలింది. ఆ అధ్యయనాల్లో చాలావాటి నాణ్యత అంతంతమాత్రమేనని కూడా అందులోనే రాశారు. ఆ సగటు వెనుక మీరాబాయి లాంటివాళ్లూ ఉంటారు, బ్రిటన్ రన్నర్ పౌలా రాడ్‌క్లిఫ్ లాంటివాళ్లూ ఉంటారు. 2002 షికాగో మారథాన్‌లో పీరియడ్ నొప్పులతోనే 2:17:18కి ప్రపంచ రికార్డు పెట్టింది ఆమె.

ఇంకోటి. పద్నాలుగో రోజున అండం విడుదలవుతుందని కేలెండర్ చూసి చెప్పలేం. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి క్రమం తప్పే సమస్య) ఉన్న అమ్మాయికి, గర్భనిరోధక పిల్స్ వాడే అమ్మాయికి ఆ చార్టు అసలే వర్తించదు. మూత్రంతో ఎల్‌హెచ్ స్ట్రిప్ (అండం విడుదలకు ముందు పెరిగే హార్మోన్‌ను పట్టేది), తర్వాత రక్తంలో ప్రొజెస్టిరాన్ (అండం విడుదలయ్యాక పెరిగే హార్మోన్) చూస్తేగానీ ఎవరు ఏ దశలో ఉన్నారో తేలదు. కాలేజీ గ్రౌండ్‌లో అది అయ్యే పనేనా?

అథ్లెటిక్స్ పీడీ
అది కాదు గానీ, నన్ను తొలుస్తున్నది ఇంకో విషయం. డేట్ల రిజిస్టరు నా చేతిలో ఉంటే, జట్టు ఎంపిక రోజు ఆ పేజీ నా కళ్లముందు ఉంటుంది. తెలియకుండానే ఒకమ్మాయిని పక్కన పెట్టేస్తానేమో.

హాఫ్ మారథాన్ రన్నర్
అక్కడ మాత్రం మీతో ఏకీభవిస్తా మేడమ్. డైరీ వాళ్ల దగ్గరే ఉండనివ్వండి. "ఈరోజు ఎలా ఉంది, ఎత్తే బరువు తగ్గించాలా?" అని ప్రతి సెషన్ ముందూ అబ్బాయిలనీ అమ్మాయిలనీ ఒకేలా అడగండి. అబ్బాయిల్నీ అడిగితే ఎవరూ సిగ్గుపడరు. అలాగే ముందు హిమోగ్లోబిన్ చేయించండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 (2019–21) ప్రకారం మన దేశంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఎక్కువ బ్లీడింగ్ అయ్యే అమ్మాయి నెలంతా ఆయాసపడుతుంటే, మనం దాన్ని పీరియడ్స్ మూడు రోజుల ఖాతాలో వేసి ఊరుకుంటాం.

అథ్లెటిక్స్ పీడీ
హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వలు చూపే పరీక్ష) కూడా చేయించమని ప్రిన్సిపాల్‌ గారిని అడుగుతా. డైరీ వాళ్లే రాసుకుంటారు, నేను చూడను. కానీ మీట్‌కి ముందు వారం ఎవరికైనా బాగా నొప్పి ఉంటే ఈవెంట్ మార్చాలా వద్దా అన్నది మాత్రం ఇంకా తేలలేదు. మీట్‌లు ఆడినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.